అడగడానికి మూడు నిమిషాలు



ఒక నాటక బృందం కొత్త నాటకం కట్టాలనుకుంటుంది. ఒక కుర్రాడు లఘుచిత్రం తీయాలనుకుంటాడు. ఒక గాయని తన పాటలు తానే రికార్డు చేయించుకోవాలనుకుంటుంది. చేతిలో విద్య ఉంది, డబ్బు లేదు. ఒక్కరి దగ్గర లక్షలు పుట్టవు గనక, వందల మంది దగ్గర వందా వెయ్యీ చొప్పున పోగుచేద్దామని ఇంటర్నెట్‌లో పిలుపు ఇస్తారు. దీన్నే ఇప్పుడు క్రౌడ్‌ఫండింగ్ అంటున్నాం. ఆ పిలుపులో అన్నిటికంటే ముందు కనబడేది ఒక చిన్న వీడియో. రెండు మూడు నిమిషాలు ఉంటుంది. చూసినవాళ్ళు డబ్బు వేస్తారా, బొటనవేలితో పైకి తోసేసి వెళ్ళిపోతారా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఆ వీడియో ఎలా ఉండాలి, మనవాళ్ళు ఎక్కడ తడబడుతున్నారు అన్నది ఈ పూట మాట్లాడుకుందాం.

పదిమంది దగ్గర పోగుచేసి కళను నిలబెట్టుకోవడం మన ఊళ్ళకు పాత అలవాటే. శ్రీరామనవమి పందిట్లో బుర్రకథ సాగుతుంటే కథకుడు మధ్యలో ఆగి, ఫలానా వారు నూట పదహార్లు చదివించారని పేరు చెప్పి, వాళ్ళ పిల్లాపాపలు చల్లగా ఉండాలని దీవించి, మళ్ళీ కథలోకి వెళ్ళేవాడు. ఇచ్చినవాడి పేరు ఊరంతా వినేది. విన్న పక్కవాడు కూడా జేబు తడుముకునేవాడు. సినిమాల్లోకి వస్తే, 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘మంథన్’కు గుజరాత్‌లో 5 లక్షల మంది పాడి రైతులు మనిషికి 2 రూపాయల చొప్పున ఇచ్చారు. 10 లక్షలతో సినిమా తయారైంది. తెర మీద ఆ రైతులే నిర్మాతలు. అదే సినిమాను పునరుద్ధరించి 2024లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు.

ఇంటర్నెట్ వచ్చాక దక్షిణాదిన అందరూ చెప్పుకున్నది కన్నడ ‘లూసియా’ గురించి. దర్శకుడు పవన్ కుమార్‌కు ఆ కథతో నిర్మాత దొరకలేదు. తన ఇబ్బందులన్నీ దాపరికం లేకుండా రాసి ఇంటర్నెట్‌లో పెట్టారు. చదివినవాళ్ళలోంచి 110 మంది ముందుకొచ్చి, 27 రోజుల్లో 51 లక్షలు సమకూర్చారు. 2013లో సినిమా వచ్చింది, లండన్ భారతీయ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి గెలుచుకుంది. మన తెలుగులో 2018లో వచ్చిన ‘మను’ కూడా జనం డబ్బుతో తయారైనదే. దాని దర్శకుడు ఫణీంద్ర నర్సెట్టి అంతకు ముందే ‘మధురం’ అనే లఘుచిత్రం తీసి ఉన్నారు. ఆ చిత్రం చూసినవాళ్ళకు ఆయన పనితనం ఏమిటో తెలుసు. వేరే హామీపత్రం అక్కర్లేకపోయింది.

వీడియో తీయబోయేవాళ్ళు ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించాలి. ఒకాయన తన మనసు విప్పి చెప్పారు. ఇంకొకాయన తన పని ముందే చూపించారు. డబ్బిచ్చేవాడికి కావలసినవి ఆ రెండే. అడుగుతున్న మనిషి ఎవరు, అతని చేతిలో పనితనం ఉందా లేదా. మిగతా హంగులన్నీ వీటి తర్వాతే.

నేను చూసిన ఇలాంటి వీడియోలలో నాకు బాగా నచ్చినది అమెరికా గాయని అమాండా పామర్‌ది. 2012 ఏప్రిల్ చివర్లో కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ వేదికలో పెట్టారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వీధిలో కిమోనో వేసుకుని నిలబడి ఉంటారామె. నోరు విప్పి ఒక్క మాట మాట్లాడరు. వెనక పాట వినబడుతూ ఉంటుంది. చేతిలో అట్టల కట్ట ఉంటుంది, ఒక్కో అట్ట మీద చేత్తో రాసిన నాలుగు మాటలుంటాయి. ఒకటి చూపిస్తారు, పడేస్తారు, ఇంకొకటి ఎత్తుతారు. ఇన్నాళ్ళూ ఏం చేశారో, రికార్డు కంపెనీ నుంచి బయటపడ్డాక ఏం చేయబోతున్నారో, ఎవరి సాయం కావాలో, అన్నీ ఆ అట్టల మీదే. చూపు మాత్రం సూటిగా కెమెరాలోకే. ఆమె అడిగింది లక్ష డాలర్లు. నెల తిరిగేసరికి 24,883 మంది కలిసి దాదాపు 11 లక్షల 92 వేల డాలర్లు ఇచ్చారు.

అందులో పెద్ద కెమెరా పనితనం కనబడదు. సెట్టింగు లేదు, గ్రాఫిక్స్ లేవు. ఉన్నదల్లా చేతిరాత, చూపు, పాట. ఆమె పాటలు పాడి పేరు తెచ్చుకోకముందు బోస్టన్ పక్కన కేంబ్రిడ్జిలో, వీధిలో ఒక పెట్టె మీద తెల్లటి పెళ్ళికూతురి వేషంలో బొమ్మలా కదలకుండా నిలబడి సంపాదించుకున్నారు. ఎవరైనా డబ్బు వేస్తే కదిలి, ఒక పువ్వు అందించి, వాళ్ళ కళ్ళలోకి చూసేవారు. మొహం చాటేయకుండా అడగడం ఆమెకు అక్కడ అబ్బిన విద్య. తర్వాత 2013లో చేసిన ప్రసంగంలోనూ, మరుసటి ఏడు రాసిన పుస్తకంలోనూ ఈ సంగతులన్నీ ఆమే చెప్పారు.

ఆమెకు అప్పటికే అభిమానులున్నారు కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. అదే కిక్‌స్టార్టర్‌లో 2013 మార్చిలో ‘వెరోనికా మార్స్’ అనే పాత టీవీ సీరియల్‌ను సినిమాగా తీస్తామని నటీనటులే వీడియోలో కనిపించి అడిగితే 91,585 మంది 57 లక్షల డాలర్లు ఇచ్చారు. అదంతా సీరియల్ మీద ఉన్న మమకారం. వీడియో అభిమానులను కొత్తగా పుట్టించదు. ఉన్నవాళ్ళను కదిలిస్తుంది, వాళ్ళు ఇంకో నలుగురికి పంపేలా చేస్తుంది. ఊరూపేరూ లేని కొత్తవాళ్ళయితే ఆ ‘ఉన్నవాళ్ళు’ అంటే మీ బంధువులు, మీ కాలేజీ స్నేహితులు, మీ పాత ప్రదర్శన చూసి చప్పట్లు కొట్టినవాళ్ళు. మొదటి డబ్బు వాళ్ళ నుంచే రావాలి. కాబట్టి వీడియో ఇంటర్నెట్‌లో పెట్టకముందే వాళ్ళకు ఫోన్లు చేసి, మొదటి రోజునే వేయమని అడిగి ఉంచుకోవాలి. ఖాళీ పళ్ళెంలో మొదటి రూపాయి వేయడానికి ఎవరూ ముందుకు రారు.

మన దగ్గర వస్తున్న వీడియోలు చాలా వరకు ఎలా ఉంటున్నాయో చెబుతాను. మొదట డ్రోన్ ఎగురుతుంది. గుడి గోపురం, చెరువు, పొలాలు కనిపిస్తాయి. వెనక వీణ వాయిస్తుంటారు. ఒక బరువైన గొంతు వేల ఏళ్ళ వారసత్వం గురించి, అంతరించిపోతున్న సంస్కృతి గురించి చెబుతుంది. నిమిషంన్నర గడిచినా అడుగుతున్నది ఎవరో తెలియదు. ఎంత కావాలో తెలియదు. చివర్లో నల్లటి తెర మీద ‘మీ వంతు సహకారం అందించగలరు’ అని అక్షరాలు పడి, వీడియో అయిపోతుంది. తీసినవాళ్ళు పడిన కష్టం కనిపిస్తుంది, అందుకే చూస్తుంటే బాధ కలుగుతుంది. డబ్బు మాట పైకి చెప్పడానికి మొహమాటపడి, ఆ మొహమాటాన్ని గోపురాల వెనకా వీణల వెనకా దాచుకుంటున్నారు. దేవుడి పందిరికి, ఊరేగింపుకు ధైర్యంగా తలుపు తట్టి చందా అడిగే మనం, సొంత కళ దగ్గరికి వచ్చేసరికి ఎందుకో తల దించుకుంటున్నాం.

ఒక ఉదాహరణ తీసుకుని వీడియో కట్టి చూద్దాం. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలకు పేరుపడ్డ ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అలాంటి ఊళ్ళో ఒక బృందం లంకాదహనం ఘట్టానికి కొత్త బొమ్మలు చేసుకుని, పద్యాలతో సహా ఆటంతా చిత్రీకరించి భద్రపరచాలనుకుందని, దానికి 4 లక్షలు కావాలని అనుకుందాం. అంకె ఉదాహరణకు చెబుతున్నదే.

వీడియో మొదలవగానే మాటలు వద్దు. టక్ టక్ టక్ అని ఒక చప్పుడు వినిపించాలి. అది తోలు మీద ఉలి పడుతున్న చప్పుడు. మేకతోలును శుభ్రం చేసి, సాగదీసి, వెలుతురు సోకేంత పల్చగా చేసి, దాని మీద బొమ్మ గీసి, నగల కోసం, కిరీటం కోసం సన్నటి చిల్లులు పొడుస్తారు. కెమెరా ఆ చేతి మీదే ఉండాలి. కొన్ని క్షణాల తర్వాత ఆ చెయ్యి తోలును పైకెత్తి దీపం ముందు పెడుతుంది. అప్పటిదాకా మట్టిరంగులో ఉన్న ముక్క ఒక్కసారి ఎర్రగా వెలిగిపోతుంది. చిల్లుల్లోంచి వచ్చే వెలుగుతో హనుమంతుడి మెడలో హారం మెరుస్తుంది. పది సెకన్ల పని. బొమ్మలాట ఎప్పుడూ చూడని హైదరాబాద్ కుర్రాడు కూడా ఇక్కడ వేలు ఆపుతాడు.

అప్పుడు ఆ మనిషి ముఖం చూపించాలి. తన యాసలోనే మాట్లాడాలి. ‘‘నా పేరు ఫలానా. మా తాత బొమ్మలాడించినాడు, మా నాయన ఆడించినాడు, నేను ఆడిస్తాండా. ఇప్పుడు ఆట కట్టేవాళ్ళు తక్కువ, లాంపు షేడ్లు చేసి అమ్ముకుని ఇల్లు గడుపుకుంటున్నాం. మా హనుమంతుడి బొమ్మ పిగిలిపోయింది. కొత్త బొమ్మలు చేసి, లంకాదహనం మొత్తం ఆడి, రికార్డు చేసి పెట్టాలని మా కోరిక. దానికి 4 లక్షలు కావల్ల. సంక్రాంతి లోపల.’’ అంతే. అర నిమిషం పట్టింది. ఎవరు, ఏమిటి, ఎంత, ఎప్పటికి, నాలుగూ అందులోనే వచ్చేశాయి. ఇందులో సంస్కృతి అన్న మాట ఎక్కడా లేదు. సంస్కృతి అంతా ఆ గొంతులోనే ఉంది.

లెక్క చెప్పే చోట చాలా వీడియోలు చప్పబడిపోతాయి. గుండ్రటి బొమ్మ గీసి అందులో ముక్కలు కోసి చూపిస్తారు. తోలుబొమ్మలాటలో అంతకంటే గొప్ప ఏర్పాటు ఎప్పుడో ఉంది. కథ మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు వచ్చి నవ్విస్తారు కదా. వాళ్ళనే తెర మీదికి రప్పించాలి. ‘నాలుగు లక్షలా, ఏం చేస్తార్రా అంత డబ్బు?’ అని బంగారక్క గద్దించాలి. తోలుకెంత, రంగులకెంత, పద్యాలు పాడేవాళ్ళకెంత, కెమెరావాళ్ళకెంత అని జుట్టుపోలిగాడు ఒక్కొక్కటే ఒప్పజెప్పాలి. ప్రతి లెక్కా ఆమె బేరమాడాలి. చూసేవాడికి నవ్వూ వస్తుంది, రూపాయి ఎక్కడికి పోతుందో కూడా అర్థమవుతుంది. ఏ కళకు ఆ కళలోనే ఇలాంటి సౌకర్యం దొరుకుతుంది. నాటకం వాళ్ళు నాటకంలా అడగవచ్చు, పాటగాళ్ళు పాడి అడగవచ్చు. బొమ్మలు గీసేవాళ్ళు మాట్లాడుతూనే గీయవచ్చు.

ఇచ్చినవాళ్ళకు తిరిగి ఏమిస్తాం అన్నదీ చెప్పాలి. 500 ఇచ్చినవాళ్ళ పేరు ఆట మొదట్లో కేతిగాడు పైకి చదువుతాడనండి. పాత చదివింపుల పద్ధతే. 3,000 ఇస్తే చేత్తో చేసిన చిన్న బొమ్మ పంపుతామనండి. ఆ బొమ్మకు అయ్యే తోలు, శ్రమ, పోస్టు ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి. వచ్చిన డబ్బులో సగం బహుమతులకే పోతే ఆట కట్టడానికి ఏమీ మిగలదు. అడిగే మొత్తంలో వేదిక తీసుకునే కమీషన్, దాని మీద జీఎస్టీ, చెల్లింపు ఛార్జీలు కూడా కలుపుకోవాలి. కిక్‌స్టార్టర్‌నే తీసుకుంటే, వచ్చిన మొత్తంలో 5 శాతం దానిది, చెల్లింపుల ఖర్చు వేరే. పైగా పెట్టుకున్న లక్ష్యం పూర్తిగా చేరితేనే డబ్బు చేతికి ఇస్తుంది, ఒక్క రూపాయి తక్కువైనా ఎవరి దగ్గరా తీసుకోదు. కొన్ని వేదికలు వచ్చినంతా ఇస్తాయి. మనం ఏ పద్ధతిలో అడుగుతున్నామో వీడియోలో ఒక్క మాట చెబితే మంచిది. గడువు దగ్గరపడుతుంటే ఇచ్చేవాళ్ళలో కదలిక దాన్ని బట్టే ఉంటుంది.

ఇప్పుడు రేడియోలో మాట్లాడుతున్న మనిషిగా ఒక విషయం గట్టిగా చెప్పాలి. దృశ్యం కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు. మాట సరిగ్గా వినబడకపోతే ఓర్చుకోరు. మంచి ఫోను కొనడానికి వేలు పెట్టేవాళ్ళు, చొక్కాకు తగిలించుకునే చిన్న మైకుకు కొన్ని వందలు పెట్టడానికి వెనకాడుతున్నారు. మైకు కూడా లేదంటే రెండో ఫోను జేబులో పెట్టుకుని గొంతు అందులో రికార్డు చేయండి. ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ ఆపండి. ఖాళీ గదిలో గొంతు డబ్బాలో మాట్లాడినట్టు మోగుతుంది, అందుకని మంచాలూ బట్టలూ ఉన్న గది ఎంచుకోండి, గోడకు రెండు దుప్పట్లు వేలాడదీయండి. వెలుతురు కోసం కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చోండి. కిటికీ వీపు వెనక ఉంటే ముఖం నల్లబడిపోతుంది. కాగితం చూసి చదవకండి. చెప్పవలసిన నాలుగు సంగతులూ మనసులో పెట్టుకుని, కెమెరా వెనక మీ స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, అతనికి చెబుతున్నట్టు చెప్పండి. మొదటిసారి బిగుసుకుపోతారు. మళ్ళీ చెప్పండి. చెప్పగా చెప్పగా మాట సొంతమవుతుంది, ముక్కలు ఏరుకుని అతికించుకోవచ్చు. వెనక సినిమా పాట మాత్రం వేయకండి. హక్కులవాళ్ళు అభ్యంతరం చెబితే, సరిగ్గా డబ్బు వస్తున్న రోజుల్లోనే వీడియో ఆగిపోతుంది.

బస్సులో, ఆఫీసులో చాలామంది చప్పుడు లేకుండా చూస్తారు. కాబట్టి మాటలన్నీ తెర కింద అక్షరాల్లో పడాలి. తెలుగులో మాట్లాడి, కింద ఇంగ్లీషులో వేయడం మరీ మంచిది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగిన మన పిల్లలకు అమ్మమ్మ మాట అర్థమవుతుంది గానీ తెలుగు చదవడం రాదు. ఊరి మీద మమకారంతో ఇవ్వగలిగిన ఇళ్ళు అక్కడ చాలా ఉన్నాయి. వీడియో ఆదివారం పొద్దున ఇక్కడ విడుదల చేస్తే అక్కడ శనివారం రాత్రి, ఇంటిల్లిపాదీ తీరికగా ఉండే వేళ. అయితే ఇండియాలో ఉన్నవాళ్ళ పేరు మీద కిక్‌స్టార్టర్‌లో ప్రచారం పెట్టే వీలు లేదు. మన దేశపు వేదికల మీద పెట్టాలి. విదేశీయుల నుంచి వచ్చే విరాళాలకు చట్టం కట్టుదిట్టంగా ఉంది గనక ముందే ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలవండి. లాభంలో వాటా ఇస్తామన్న మాట కూడా తొందరపడి వీడియోలో అనేయకండి. అలా అంటే అది విరాళం కాదు, పెట్టుబడి అవుతుంది, దానికి వేరే నిబంధనలు వర్తిస్తాయి.

లేనిది ఉన్నట్టు చూపించకూడదు. 2012 సెప్టెంబరులోనే కిక్‌స్టార్టర్ వస్తువులు తయారుచేసేవాళ్ళకు ఒక నియమం పెట్టింది. కంప్యూటర్‌లో అచ్చం అసలులా గీసిన బొమ్మలు చూపించి, అదే వస్తువని నమ్మించకూడదంది. తయారైనంత వరకే చూపించాలి. కళల వాళ్ళకు ఈ నియమం ఇంకా బాగా వర్తిస్తుందని నా అభిప్రాయం. నాటకంలో ఒక్క రంగమే సిద్ధంగా ఉందా, ఆ రంగమే చూపించండి. పాట ఇంకా హార్మోనియం మీదే ఉందా, హార్మోనియం మీదే వినిపించండి. వానలు పడితే చిత్రీకరణ ఆలస్యం కావచ్చని, ముఖ్య కళాకారుడికి వయసు మీద పడిందని ఉన్నదున్నట్టు చెప్పండి. అలా చెప్పినవాళ్ళను జనం తక్కువ చేసి చూడరు, ఎక్కువ నమ్ముతారు. డబ్బు వచ్చాక కూడా నెలకోసారి చిన్న వీడియో పంపండి. ఇదిగో తోలు వచ్చింది, ఇదిగో రావణుడి పది తలలూ గీశాం అని. మొదటి వీడియో చూసి ఇచ్చినవాళ్ళు మీ రెండో పనికి అడగకుండానే ఇచ్చేది ఇలాంటి వాటిని చూసే.

కళాకారులకు నేను చెప్పగలిగింది ఇదీ. మీ పేరు చెప్పండి, మీ పని చూపండి, ఎంత కావాలో అంకెతో అడగండి. మూడు నిమిషాలు దాటకండి.

వినేవాళ్ళకూ ఒక విన్నపం ఉంది. మీ ఫోనుకు రేపో మాపో ఇలాంటి వీడియో ఒకటి వస్తుంది. ఏ సురభి నాటకం పిల్లదో, ఏ ఒగ్గుకథ బృందానిదో, మీ పక్కవీధి కుర్రాడి లఘుచిత్రానిదో అయి ఉండవచ్చు. చివరిదాకా చూడండి. ఎవరు అడుగుతున్నారో, డబ్బు ఏ ఖాతాకు వెళుతుందో సరిచూసుకోండి. మీకు తెలిసినవాళ్ళెవరైనా వాళ్ళ ప్రదర్శన చూసి ఉంటే కనుక్కోండి. నచ్చితే నూట పదహార్లు వేసి, మరో పదిమందికి పంపండి.